నడుము దగ్గరి బోల్టు

వెన్నుపూసలను ఊచకు ఎక్కించేటప్పుడు పెద్దావిడ కళ్ళకంటే బొటనవేలినే ఎక్కువగా నమ్ముతుంది. పూస వెనకవైపు పొడుచుకొచ్చే ముల్లును తడిమి చూస్తుంది. గొడ్డలి అలుగులా వెడల్పుగా, తిన్నగా ఉంటే అది నడుముది. కిందికి వాలి ఉంటే ఛాతీది. కొన చీలి ఉంటే మెడది. ఒక్కొక్క పూసా ఊచ మీదికి జారిన తరవాత దాని మీద గుండ్రంగా కత్తిరించిన ఉన్నిగుడ్డ బిళ్ళ పెడుతుంది. బతికున్న మనిషిలో అక్కడ మెత్తటి బిళ్ళే ఉంటుంది గాని, పోయినవాళ్ళలో అన్నిటికంటే ముందు నశించేవి మెత్తటివే కనక, వాటి చోటును గుడ్డతో పూరించవలసి వస్తుంది.

ఆ ఉదయం ఆమె కుడిచెయ్యి ఎప్పటిలాగే పనిచేస్తోంది. ఎడమచెయ్యి మాత్రం కొన్నాళ్ళుగా భుజం నుంచి మోచేతి దాకా గుంజుతూ ఉండడంతో, ఎవరో వదిలేసి వెళ్ళిన వస్తువులా దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి గదిలో ఉన్నది ఒక్కతే మనిషి. ఆ మనిషికి చెప్పడం కంటే గుంజనివ్వడమే మేలు.

ఆ మనిషి ఆమె భర్తకు చెల్లెలు. గది రెండో చివర, ఆమెకు వీపు పెట్టి కూర్చుని తొడ ఎముకలు తుడుస్తోంది.

“ఆ కిటికీ మూసెయ్ వదినా. దుమ్ము వస్తోంది,” అంది ఆడపడుచు, తల తిప్పకుండా.

“దుమ్ము కిటికీలోంచి రావడం లేదు. కొందరు నోరు తెరిచినప్పుడు వస్తోంది.”

“అయితే ముందు నువ్వు మూసుకో. కిటికీ సంగతి తరవాత చూద్దాం.”

కిటికీ తెరిచే ఉంది. అది నేలమాళిగ గది కావడం వల్ల కిటికీ పైకప్పుకు ఆనుకుని, బయటి కాలిబాటతో సమానమైన ఎత్తులో ఉంటుంది. అందులోంచి కనిపించేవి నడిచివెళ్ళే వాళ్ళ పాదాలు మాత్రమే. పైన నాలుగు అంతస్తులలో వైద్య విద్యార్థులు చదువుకుంటారు. వాళ్ళు చేతిలోకి తీసుకునే ప్రతి ఎముకా ఈ గదిలోనే తుడుపుకొని, తెల్లబడి, తీగ చుట్టించుకొని పైకి పోతుంది.

గదిలో అరలన్నీ ఆకారాన్ని బట్టి ఏర్పడ్డాయి. చేతులకూ కాళ్ళకూ చెందిన పొడుగు ఎముకలకు చెక్క గూళ్ళు. మణికట్టులోను, చీలమండలోను ఉండే పొట్టి ఎముకలకు మూత డబ్బాలు. పుర్రె పెంకులు, రొమ్ము ఎముక, పక్కటెముకలు, భుజపు రెక్కలు వంటి చదును ఎముకలకు లోతులేని పళ్ళేలు. ఏ ఆకారానికీ లొంగని వెన్నుపూసలకు, తుంటి ఎముకలకు వెడల్పాటి బుట్టలు. కండరాల తాళ్ళ మధ్య పుట్టుకొచ్చే నువ్వుగింజ ఎముకలకు మందు సీసాలు. ఆ చివరి జాతిలో మోకాటి చిప్ప ఒక్కటే పెద్దది. దాన్ని బల్ల మీద మొన అవతలికి ఉండేలా పెట్టి వదిలితే ఏ వైపుకు ఒరుగుతుందో ఆ కాలిదే. ఆడపడుచు ఆ పరీక్షను ఎంతగా అలవాటు చేసుకున్నదంటే, ఇంట్లో గరిటె కింద పెట్టినా అది ఎటు ఒరుగుతుందో ఒక్క క్షణం ఆగి చూస్తుంది.

కాని ఆ గదిని నిజంగా ఏలుతున్నది ఆకారాల వర్గీకరణ కాదు, రెండో వర్గీకరణ. పుర్రె, వెన్ను, పక్కటెముకలు, రొమ్ము ఎముక కలిస్తే అక్షాస్థిపంజరం. చేతులు, కాళ్ళు, వాటిని మొండేనికి తగిలించే భుజాల, తుంటి ఎముకలు కలిస్తే అనుబంధాస్థిపంజరం. పుస్తకాలు ఈ విభజనను అర్థం చేసుకోవడానికి వాడతాయి. ఈ గదిలో ఇద్దరాడవాళ్ళు దాన్ని కాపురం విడగొట్టుకోవడానికి వాడుకున్నారు. మొండెం పెద్దావిడది, కాళ్ళూ చేతులూ ఆడపడుచువి. విద్యార్థులు ఒకరిని ‘మొండెం మేడం’ అనీ, రెండోవారిని ‘కాళ్ళూచేతుల మేడం’ అనీ పిలుచుకోవడం ఇద్దరికీ తెలుసు. తన పేరు కంటే అవతలి పేరే అధ్వాన్నమని ఇద్దరూ సంతృప్తి పడ్డారు.

ఏ సరిహద్దుకైనా తగాదాలు తప్పవు. మెడ కింది ఎముక పుస్తకం ప్రకారం చేతికి చెందినదే అయినా, దాని లోపలి కొస వచ్చి రొమ్ము ఎముక మీద ఆనుతుంది. ఆ కొసకు తీగ ఎవరు చుట్టాలన్న ప్రశ్న మీద ఒక ఏడాది పొడుగునా మాటలు లేవు. నడుము దగ్గర ఇంకా కష్టం. వెన్ను అడుగున అయిదు పూసలు అతుక్కుపోయి త్రికాస్థి అనే ఒకే ఎముక అవుతుంది. అది పెద్దావిడది. దానికి అటూ ఇటూ చెవి ఆకారంలో ఒక్కొక్క గరుకు తలం ఉంటుంది. తుంటి ఎముక మీద కూడా అదే ఆకారపు తలం ఉండి, రెండూ చెంపకు చెంప ఆనినట్టు కలుస్తాయి. తుంటి ఎముక ఆడపడుచుది. మనిషి పై బరువంతా కాళ్ళలోకి దిగేది ఆ కలయికలోంచే. అక్కడ ఒకరు ఎముక పట్టుకుంటే, ఒకరు బోల్టు బిగించాలి. కాబట్టి ఒక్కొక్క అస్థిపంజరానికీ ఒకసారి చొప్పున, ఇద్దరూ ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఆ పని పూర్తిచేసేవారు.

ఇదంతా ఒక్క తప్పు నుంచి మొదలయింది.

అప్పట్లో ఎముకలు బిగించే పని పెద్దావిడ భర్తది. ఆయన ఎడమచేతివాటం మనిషి, మాటల్లో పొదుపరి. తల్లీ తండ్రీ లేని చెల్లెలిని తనే పెంచాడు. తను పనిచేసే గదిలోనే ఆమెకూ పని ఇప్పించాడు, పెళ్ళయ్యాక భార్యకూ ఇప్పించాడు. ఆడవాళ్ళిద్దరూ ఏరేవారు, ఆయన బిగించేవాడు. ఒకే మనిషి ఎముకలకు ఒకే రంగు దారం కట్టడం వాళ్ళ పద్ధతి. ఏరినవాళ్ళే ముడి వెయ్యాలి. పెద్దావిడ ఒంటిముడి వేసి కొస పొడుగ్గా వదిలేది. ఆడపడుచు జంటముడి వేసి కొస మొదలంటా కత్తిరించేది. బిగించేటప్పుడు కూడా ఆయన ఆ దారం తీసేవాడు కాదు. త్రికాస్థి రంధ్రంలోంచి లాగి, ముడిని బోల్టు కింద దాచేవాడు.

ఒక పరీక్షలో, వేరే కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి ఒక విద్యార్థినిని కొత్త అస్థిపంజరం ముందు నిలబెట్టి, ఇది ఆడమనిషిదా మగమనిషిదా అని అడిగాడు. ఆ అమ్మాయి తుంటి ఎముకలు చూసి మగ అంది, పొట్టిగా, వెడల్పుగా ఉన్న త్రికాస్థిని చూసి ఆడ అంది, ఆఖరికి ఏడ్చింది. పరీక్షాధికారి తనే వంగి చూశాడు. మగవాడి తుంటి మధ్య ఆడమనిషి త్రికాస్థి బిగించి ఉంది. ఆయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విభాగాధిపతికి అవమానమయింది. విభాగాధిపతి అవమానం మర్నాటికల్లా కింది గదికి దిగింది.

“ఎవరు చేశారిది?” అన్నాడు విభాగాధిపతి.

పెద్దావిడ భర్త నేల చూస్తూ, “ఏరింది మా ఇంట్లోవాళ్ళండీ. నేను బిగించాను,” అన్నాడు.

ఇంట్లోవాళ్ళు ఇద్దరు. తను కాదని పెద్దావిడకు తెలుసు. తను కాదని ఆడపడుచుకూ తెలుసు. ఆయన మళ్ళీ ఎన్నడూ ఆ విషయం ఎత్తలేదు. బిగింపు పని తీసేసి ఆయనను గోదాము కాపలాకు పంపారు. అక్కడ తాళాల గుత్తి పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని, కొద్ది కాలానికే పోయాడు. ఆయన పోయాక ఇంట్లో ఒక వంటగదిలో రెండు పొయ్యిలు వెలిగాయి. ఉదయం ఇద్దరూ ఒకే బస్సులో, ఒకరు ముందు తలుపులోంచి, ఒకరు వెనక తలుపులోంచి ఎక్కడం మొదలుపెట్టారు. విడిపోవడానికి ఇద్దరికీ వేరే చోటు లేదు. వేరే చోటు లేకపోవడం వల్ల ద్వేషం కూడా ఎక్కడికీ పోలేదు.

ఆ తప్పుడు అస్థిపంజరాన్ని మాత్రం ఎవరూ విప్పలేదు. విద్యార్థులను తికమక పెట్టడానికి అంతకంటే మంచి ప్రశ్న ఇంకొకటి దొరకదని, విభాగం దాన్ని పైన గాజు బీరువాలో పెట్టి తాళం వేసింది. అన్నేళ్ళూ పెద్దావిడ ఒక్కటే కోరుకుంది. ఎప్పటికైనా ఆ బోల్టు విప్పాలి. దాని కింద దారం ఉంటుంది, దారానికి ముడి ఉంటుంది. ఆ జంటముడిని ఆడపడుచు మొహం ముందు పెట్టాలి. ఆమెకు ఇంక వేరే కోరికలంటూ పెద్దగా లేవు.

ఆ అస్థిపంజరం ఇవాళ కిందికి వస్తోంది.

పదింటి వేళకు లిఫ్టు తలుపు కీచుమంది. చక్రాల స్తంభానికి వేలాడుతూ, నడిపించినకొద్దీ మోకాళ్ళు ఊపుకుంటూ అది గదిలోకి వచ్చింది. వెనక దాన్ని తోస్తున్నది ట్యూటరు, ముప్ఫయ్యేళ్ళ సరదా మనిషి.

“మీ పాత చుట్టాన్ని తెచ్చానమ్మా,” అంది ట్యూటరు. “వచ్చే వారం నుంచి పైన అంతా ప్లాస్టిక్‌దే. దీన్ని విప్పేసి పెట్టెలో సర్దెయ్యండి. చదువుకునే రోజుల్లో దీని ముందు నేనూ తప్పు చెప్పాను తెలుసా? ధైర్యంగా మగ అన్నాను.”

“సగం రైటే,” అంది ఆడపడుచు. “నా సగం. మొండెం సగం దగ్గరే వచ్చింది తంటా.”

“తంటా ఎక్కడొచ్చిందో సాయంత్రానికి తెలుస్తుందిలే,” అంది పెద్దావిడ.

ట్యూటరు ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూసి, నవ్వాలో వద్దో తేల్చుకోలేక, ఆడపడుచు వైపు తిరిగింది. “మేడం, మీరొకసారి పైకి రావాలి. సర్దుతూ సర్దుతూ మావాళ్ళు చేతుల ఎముకలూ పాదాల ఎముకలూ ఒకే బుట్టలో పోసేశారు. మీరొస్తే గాని తెమలదు.”

ఆడపడుచు లేవలేదు. చేతిలోని గుడ్డను మడిచి, మళ్ళీ మడిచింది. వెళ్ళనంటే పని ఎగ్గొట్టినట్టు. వెళితే బోల్టు దగ్గర వదిన ఒంటరిగా మిగులుతుంది. చివరికి లేచి, వచ్చి అస్థిపంజరానికీ పెద్దావిడకూ మధ్య నిలబడింది.

“నేనొచ్చేదాకా ఆ బోల్టు ముట్టుకోకు.”

“ముట్టుకుంటే ఏమవుతుంది? లేచి కరుస్తుందా?”

“ముట్టుకున్నావంటే తప్పు నీదేనని నువ్వే ఒప్పుకున్నట్టు. అంతే.”

“వెళ్ళమ్మా, వెళ్ళు. పైన వేళ్ళు ఎదురుచూస్తున్నాయి.”

లిఫ్టు పైకి పోయిన చప్పుడు ఆగేదాకా పెద్దావిడ కదలలేదు. తరవాత కళ్ళజోడు పెట్టుకుని, పానా తీసుకుని, బోల్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. మాట తప్పుతున్నానన్న ఆలోచన ఆమెకు రాలేదు. ఆమె మాట ఇవ్వలేదు. ఇద్దరూ ఉండగా విప్పితే ఆడపడుచు ముడిని ముందుగా లాక్కుని నలిపేస్తుందన్నది ఆమె అనుమానం. నట్టు తుప్పు పట్టి ఉంది. ఎడమచెయ్యి సాయానికి రాలేదు. పానాను భుజంతో నొక్కి తిప్పగా తిప్పగా అది వదిలింది. త్రికాస్థి ఆమె ఒళ్ళోకి జారింది.

దారం లేదు.

ఆమె రంధ్రాలన్నిటిలో సూది పెట్టి వెతికింది. ఒక పోగు కూడా లేదు. అంటే ఈ ఎముకను ఏరినవాళ్ళు లేరు. ఏరకుండా మిగిలిపోయిన ఎముకల బుట్టలోంచి దీన్ని నేరుగా తెచ్చి ఇక్కడ పెట్టారు. ఆ బుట్ట ఆయన బల్ల కింద ఉండేది.

కళ్ళజోడు సరిచేసుకుని ఆమె చెవి ఆకారపు తలాన్ని వెలుగుకు పట్టుకుంది. అక్కడ ఉండవలసిన గట్లూ గుంటలూ లేవు. ఆకురాయితో అరగదీసినట్టు గీతలున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఎడమచేతివాటం మనిషి అరగదీస్తే వాలే వైపుకే వాలి ఉన్నాయి. ఆయన ముట్టుకున్న ప్రతి ఎముక మీదా ఆమె ఆ వాలును చూసింది. అరగదీయడమంటే ముందు పెట్టి చూశాడన్నమాట. పెట్టి చూస్తే కుదరలేదన్నమాట. కుదరలేదంటే ఇది వేరే మనిషిదని తెలిసే బిగించాడన్నమాట. అసలు త్రికాస్థి ఏమయిందో, చేతిలోంచి జారి పగిలిందో, ఇంకో బుట్టలో కలిసిందో, ఎందుకు ఎవరికీ చెప్పలేకపోయాడో ఆ గీతలు చెప్పవు. తెలిసి చేశాడని మాత్రం చెబుతాయి.

తుంటి ఎముక వైపు తలానికి ఇంకా ఏదో అంటుకుని ఉంది. సందు పూడ్చడానికి పెట్టిన తోలు ముక్క. ఆమె దాన్ని గోటితో ఊడదీసింది. నల్లటి నడుంపట్టీ కొస. పట్టీలోని రంధ్రం ఒకటి, అంచు వెంట రెండు వరసల తెల్లటి కుట్టు.

ఆ పట్టీని ఆమె ఎరుగును. ఆడపడుచు తన మొదటి జీతంతో అన్నకు కొనిపెట్టింది. కొన్నాళ్ళకు అది కనిపించకుండా పోతే, “నేను కొన్నదని ఓర్వలేక నువ్వే పారేశావు,” అంటూ ఆడపడుచు వంటగదిలో గిన్నెలు విసిరింది. అప్పుడూ ఆయన అక్కడే ఉన్నాడు. “ఏమో, పోయింది,” అన్నాడు. ఒక్క మాట చెబితే ఆగిపోయే తగాదాలు రెండు ఆయన కళ్ళముందే పుట్టాయి, రెండుసార్లూ ఆయన నేల చూశాడు.

నేల మీద కూర్చునే ఆమె లెక్కలన్నీ సరిచూసుకుంది. ఇన్నాళ్ళూ తను ఒక నిర్దోషిని ద్వేషించింది. అందుకు పశ్చాత్తాపం కలగలేదు. ఆడపడుచును ద్వేషించడానికి ఆ తప్పు లేకపోయినా కావలసినన్ని కారణాలున్నాయి. ఆమెకు కలిగింది కోపం. ఆ కోపం వెళ్ళి తాకడానికి మనిషి లేడు. ఉన్నవాళ్ళలో మిగిలింది పైన పాదాల ఎముకలు ఏరుతున్న మనిషి ఒక్కతే. ఆమెకు ఈ తోలు ముక్క చూపిస్తే ఏమవుతుంది? ఆమెకు భర్త లేడు, బిడ్డలు లేరు. అన్న ఉన్నాడు. పోయాక కూడా ఆ అన్న ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడినీ తీసేసుకుంటే, సాయంత్రం వంటగదిలో రెండో పొయ్యి దగ్గర నిలబడే మనిషిని తను చూడవలసి వస్తుంది. పెద్దావిడ ఆ మొహాన్ని ఊహించుకుంది. ద్వేషంతో ఉన్న ఆ మొహానికి తను అలవాటు పడింది. ఇంకో రకంగా ఉంటే భరించలేననిపించింది. దాన్ని దయ అనవచ్చునేమో. ఆమె మాత్రం చాకిరీ తగ్గించుకోవడం అనుకుంది.

గరుకు కాగితం తీసుకుని ఆమె ఆ గీతలను రుద్దడం మొదలుపెట్టింది. ఒక వైపు, తరవాత రెండో వైపు. చెమట కళ్ళజోడు అంచున ఆగి, తెల్లటి పొడి మీద పడింది. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించి వదిలినట్టయింది. తోలు ముక్కను చెత్తబుట్టలో వెయ్యబోయి ఆగింది. బుట్ట దులిపేది ఆడపడుచు. బయటికి విసరడానికి కిటికీ అందదు. సాయంత్రం బస్సులోంచి ఎక్కడో పారెయ్యవచ్చునని, దాన్ని కళ్ళజోడు డబ్బాలో పెట్టి మూత వేసింది.

లిఫ్టు దిగింది.

ఆడపడుచు గుమ్మంలోనే ఆగిపోయింది. విడిపోయిన నడుము, నేల మీద పానా, తెల్లటి పొడి, పొడి అంటిన వదిన వేళ్ళు. నడిచి వచ్చి త్రికాస్థిని తీసుకుని వెలుగులో తిప్పింది. ఎముకంతా పాత టీ రంగులో ఉంటే, చెవి తలాలు రెండూ కొత్తగా తెల్లగా మెరుస్తున్నాయి.

“దారం ఏది?”

“లేదు.”

“లేదా, తీసేశావా?”

“లేదన్నాను.”

“ఏం రుద్దావు ఇక్కడ?”

“శుభ్రం చేశాను.”

“ఇన్నేళ్ళ మురికి నీకు ఇవాళే కనిపించింది. అదీ నేను పైకి వెళ్ళగానే.” ఆడపడుచు గొంతు హెచ్చలేదు, ఇంకా తగ్గింది. “నీ ముడే ఉంది. ఉంది కాబట్టే తీసేశావు. చెప్పు వదినా, నువ్వే కదూ?”

“అలా అనుకుంటే నిద్ర పడుతుందంటే అనుకో.”

“అనుకోవడం నా వల్ల కాదు. అనుకుని అనుకుని విసుగెత్తింది. నోటితో చెప్పు.”

కిటికీలో ఎవరివో పాదాలు ఒక జత ఆగి, ముందుకు కదిలాయి. పెద్దావిడ బల్ల పట్టుకుని లేచి, కుర్చీలో కూర్చుని, సగం ఎక్కించిన వెన్నును ముందుకు లాక్కుంది.

“నేనే,” అంది.

ఆడపడుచు త్రికాస్థిని బల్ల మీద పెట్టింది. ఈ మాట విన్నాక ఏమేమి అనాలో ఆమె ఏళ్ళ తరబడి, బస్సులో, పొయ్యి దగ్గర, నిద్రకు ముందు సిద్ధం చేసుకుని ఉంది. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

“ఇంత తేలిగ్గా చెప్పేదానివి, అన్నయ్య ఉన్నప్పుడే చెప్పి ఉండొచ్చుగా.”

“ఆయన అడగలేదు.”

“మా అన్నయ్యను చంపింది నువ్వే.”

“పైన ఆ చేతులూ పాదాలూ సర్దావా? పెట్టె మూత పక్కగదిలో ఉంది,” అంది పెద్దావిడ, పూస వెనకవైపు ముల్లును బొటనవేలితో తడుముతూ.

మధ్యాహ్నం ఇద్దరూ భోజనం డబ్బాలు తెరవలేదు. ఆడపడుచు అస్థిపంజరం కాళ్ళు ఊడదీసి, మోకాటి చిప్పలు విడదీసి, ఒక్కొక్కదాన్నే బల్ల మీద పెట్టి ఒరిగిన వైపును బట్టి చీటీ కట్టింది. గెలిచిన మనిషికి ఉండవలసిన నెమ్మది ఆమె చేతుల్లో లేదు. ఒక చిప్పకు రెండుసార్లు చీటీ కట్టింది. చివరికి, వీపు తిప్పకుండానే, మాట్లాడడం మొదలుపెట్టింది.

“రేపటి నుంచి నా పొయ్యి కిటికీ వైపుకు జరుపుకుంటా. ఇన్నాళ్ళూ నీ పొగ నేను పీల్చాను.”

జవాబు లేదు.

“ముందు తలుపులోంచి కూడా నేనే ఎక్కుతా. నువ్వు వెనక ఎక్కు. కాస్త తోపులాట తెలుస్తుంది.”

పైన గొట్టంలో నీళ్ళు పారిన చప్పుడు.

“ఏమిటి, నోరు పడిపోయిందా?”

ఈ మాటకు జవాబు రాకపోవడం అన్నది ఆ గదిలో ఎన్నడూ జరగలేదు. ‘పడిపోతే నీకు పండగే కదా’ అనో, ‘నీది పడిపోతే ఊరంతా తేలిగ్గా ఊపిరి పీలుస్తుంది’ అనో వచ్చి తీరవలసిన మాట కోసం ఆడపడుచు మెడ బిగించుకుని కొంతసేపు ఆగింది. తరవాత వెనక్కి తిరిగింది.

పెద్దావిడ కుర్చీలోనే, తల కొంచెం ఎడమభుజం మీదికి వాల్చి కూర్చుని ఉంది. వెన్ను మెడ దాకా వచ్చి ఆగింది. కొన చీలిన పూస ఒకటి ఆమె కుడిచేతిలో ఉంది, దాని ముల్లు మీద బొటనవేలు ఉంది. కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది.

“వదినా,” అంది ఆడపడుచు. ఇంకోసారి అనవలసిన అవసరం లేదని ఎముకల మధ్య బతికిన మనిషికి తెలుసు. అయినా ఇంకోసారి అంది.

ట్యూటరు పరుగున వచ్చింది. తరవాత ఇంకొందరు వచ్చారు. డాక్టర్లకు కొదవలేని ఆ భవనంలో ఆ వేళ ఎవరూ చేయగలిగింది లేకపోయింది. గుండె అన్నారు. చెయ్యి నొప్పని ఎప్పుడైనా అన్నదా అని ట్యూటరు అడిగితే, “నాతో అనదు,” అంది ఆడపడుచు. చక్రాల బల్ల మీద పెద్దావిడను లిఫ్టులోకి ఎక్కించారు. ఆడపడుచు కూడా పైదాకా వెళ్ళి, సంతకం చెయ్యవలసిన చోట సంబంధం ఏమిటని అడిగితే ‘వదిన’ అని చెప్పి, తాళం వెయ్యడానికి మళ్ళీ కిందికి వచ్చింది.

వెలుగు తగ్గింది. కాలిబాట మీద ఇంటికి వెళ్ళే పాదాలు ఎక్కువయ్యాయి. ఆమె స్టూలు ఎక్కి కిటికీ మూసింది. దిగి, ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ స్టూలు ఎక్కి తెరిచింది. కుర్చీ దగ్గర నేల మీద కళ్ళజోడు పడి ఉంది. దాన్ని తన అప్రాను అంచుతో తుడిచింది. అద్దాల మీది తెల్లటి పొడి పోయింది. సర్దుదామని డబ్బా మూత తీసింది.

లోపల తోలు ముక్క ఒకటి ఉంది. ఒక రంధ్రం, అంచున రెండు వరసల తెల్లటి కుట్టు. ఆ కుట్టును దుకాణంలో ఏరి కోరి ఎంచుకున్నది తనే. ఒక పక్క అది నున్నగా ఉంది. రెండో పక్క, ఏళ్ళ తరబడి ఎముకకూ ఎముకకూ మధ్య నలిగి, చెవి ఆకారం అచ్చుపడి ఉంది.

ఆమె అరిచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తెల్లగా రుద్దిన త్రికాస్థి వైపు చూసింది. ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఆపైన ఏం చెయ్యాలో తెలియక, చెయ్యి తనంతట తాను ఎరిగిన పనే చేసింది: ఆ తోలు ముక్కను మోకాటి చిప్పను పెట్టినట్టు, మొన అవతలికి ఉండేలా, బల్ల మీద పెట్టి వదిలింది.

అది కొంచెం ఊగి, అన్నయ్య వాటం చేతివైపుకు, ఎడమకు ఒరిగి ఆగింది.